గుమ్మడికాయలో దీపం



అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే మా ఫోను ఊరుకోదు. "అయ్యగారూ, మా మనవడికి దెయ్యం వేషం వేశారంట, ఫోటో పంపారు, మీరే చూడండి" అని ఒక అమ్మమ్మగారు. "అమ్మగారూ, మావాళ్ళు ఇంటి ముందు ఉత్తుత్తి సమాధిరాళ్ళు పాతుకున్నారండీ, ఇదేం పద్ధతి?" అని ఒక తాతగారు. ఆ దేశం నుంచి పిల్లలూ రాస్తారు: "పిల్లల్ని హాలోవీన్‌కి పంపకపోతే వాళ్ళు ఏడుస్తారు. పంపితే ఇంటి దగ్గర అమ్మ ఏడుస్తుంది. ఏం చేయమంటారు?" అందరికీ విడివిడిగా జవాబు చెప్పేకన్నా ఒకసారి తీరిగ్గా రాద్దామని కూర్చున్నాం. ఇందులో నవ్వుకోవలసింది చాలా ఉంది. ఒక్కచోట మాత్రం నవ్వు ఆపి ఆలోచించవలసింది ఉంది.

రెండేళ్ళ క్రితం దేవుని కృపను బట్టి మేము మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి, టెక్సాస్‌లో డల్లాస్ పక్కన ఆరు నెలలు ఉన్నాం. ఆ అక్టోబరులో చూసింది చూసినట్టు చెబుతాం. పక్కింటివాళ్ళ పచ్చికలో తాటిచెట్టంత కాకపోయినా మనిషికి రెండింతలున్న అస్థిపంజరం నిలబడింది. ఎదురింటి కిటికీకి దుప్పటంత సాలెగూడు. ఓ చర్చి ముందు గడ్డిలో వందల కొద్దీ గుమ్మడికాయలు పరిచి అమ్ముతున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పాస్టరు దంపతులం కదా, మమ్మల్నెవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, మనవరాలి కోసం ఒకటి కొన్నాం.

అల్లుడుగారు కాయ నెత్తిన మూతలాగా కోశారు. మనవరాలు గరిటెతో లోపలి గుజ్జు, పీచు తోడింది. కళ్ళు మూడు మూలలుగా, నోట్లో రెండే పళ్ళు. లోపల చిన్న దీపం పెట్టి లైట్లు ఆర్పగానే ఆ బోసినోటి ముఖం నవ్వింది. మా మనవరాలు కెవ్వుమని కేకవేసి, వెంటనే "మళ్ళీ ఆర్పు, మళ్ళీ ఆర్పు" అంది. గుజ్జు పారేయడం అమ్మగారికి మనసొప్పలేదు. అది చెక్కడానికి పెంచిన కాయ, మన తీపి గుమ్మడి కాదు, ఉత్త నీళ్ళ రుచి. బెల్లం రెట్టింపు వేసి పులుసు పెడితే గాని దారికి రాలేదు. గింజలు ఉప్పూకారం వేసి వేయించుకున్నాం. దెయ్యం ముఖం వాకిట్లో ఉంది, దెయ్యం కడుపు మా కడుపులో ఉంది!

ఆ రాత్రి ఒక పద్ధతి చూశాం. ఎవరి గుమ్మం ముందు లైటు వెలుగుతూ ఉంటే ఆ ఇంటికి పిల్లలు వస్తారు. లైటు ఆర్పి ఉంటే తట్టరు, తప్పు పట్టరు. మేము లైటు వేసుకుని, ఒళ్ళో చాక్లెట్ల గిన్నె పెట్టుకుని కూర్చున్నాం. జంతికలు పెడదామని అమ్మగారి ఆశ. "కాగితం చుట్టి ఉంటేనే తీసుకుంటారమ్మా, తెలియని ఇంట్లో చేసింది పిల్లల్ని తిననివ్వరు" అని మా అమ్మాయి అడ్డుపడింది. రాక్షస బల్లి వచ్చింది, అగ్నిమాపక భటుడు వచ్చాడు, మూరెడు మంత్రగత్తె వచ్చింది. "ట్రిక్ ఆర్ ట్రీట్" అని వాళ్ళంటే, "ఎవరి అబ్బాయివి నాయనా?" అని ఇక్కడి అలవాటు కొద్దీ అడిగాం. ఒక ఇంటి మెట్ల మీద నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు పూసిన గుమ్మడికాయ కనబడింది. వేరుశనగలాంటివి తింటే ఒంటికి పడని పిల్లల కోసం ఆ ఇంట్లో తినేవి కాకుండా చిన్న బొమ్మలో పెన్సిళ్ళో ఉంటాయని దాని గుర్తట. బలహీనుణ్ణి తలచుకుని మన బల్ల సర్దుకోవడం అంటే ఇదే కదా అనుకున్నాం.

ఒక బుల్లి దెయ్యం మాత్రం ఇంకో దెయ్యాన్ని చూసి జడుసుకుని ఏడ్చింది. తెల్ల దుప్పటికి రెండు కన్నాలు, అంతే వేషం. ఆ రెండోవాడి తల్లి వచ్చి దుప్పటి ఎత్తి చూపించింది. లోపల రోజూ ఆడుకునే స్నేహితుడే! ఏడుపు ఆగింది. ఇద్దరూ ఒకే గిన్నెలో చేతులు పెట్టారు.

ఈ పండుగ పేరులో దెయ్యం లేదు. పాత ఇంగ్లీషులో హాలో అంటే పరిశుద్ధుడు. నవంబరు 1 సర్వ పరిశుద్ధుల దినం. దాని ముందు రాత్రి కనుక హాలోవీన్. మర్నాడు, నవంబరు 2న, చనిపోయిన విశ్వాసులందరినీ తలచుకోవడం వెయ్యేళ్ళ నాడు ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓడిలో తన మఠాల్లో మొదలుపెట్టించాడు. మన సమాధుల పండుగ అదే. మనం సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తున్నామంటే, ఆ అక్టోబరు 31 మన పండుగకు గడప దగ్గర కూర్చున్న మేనత్తలాంటిది.

దెయ్యాల సంగతి ఐర్లండ్ పల్లెల నుంచి వచ్చింది. అక్కడ ఆ రోజుల్లో పంట ఇల్లు చేరి, పశువులు మేతబీళ్ళ నుంచి కొట్టాలకు తిరిగొచ్చి, చలికాలం మొదలవుతుంది. ఆ పండుగను సావిన్ అంటారు. ఆ రాత్రి చనిపోయినవారు ఇంటిదారి పడతారని పల్లెజనం నమ్మేవారు. భయం ఉన్నచోటే సరదా కూడా పుట్టింది. ఎండుద్రాక్ష వేసి బార్మ్‌బ్రాక్ అనే రొట్టె చేసి, అందులో ఉంగరం, నాణెం, గుడ్డపీలిక దాచేవారు. ఎవరి ముక్కలో ఉంగరం వస్తే వారికి పెళ్ళి, నాణెం వస్తే డబ్బు, పీలిక వస్తే పాపం చేతిలో చిల్లి గవ్వ ఉండదు. నీళ్ళ తొట్టిలో ఆపిల్ పళ్ళు వేసి, చేతులు వాడకుండా నోటితో అందుకునే ఆట ఇప్పటికీ ఉంది. స్కాట్లండ్‌లో పిల్లలు వేషం కట్టి ఇంటింటికీ వెళ్ళి ఊరికే అడగకూడదు. పాటో, పద్యమో, హాస్యమో చెప్పి సంపాదించుకోవాలి. ఇంగ్లండులో ఒకప్పుడు బీదవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చిన్న రొట్టెలు తీసుకుని, ఆ ఇంట్లో పోయినవారి కోసం ప్రార్థన చేస్తామనేవారు.

ఇక గుమ్మడికాయ కథ. ఐర్లండ్‌లో జాక్ అని ఒక పిసినారి. సాతానును ఆపిల్ చెట్టు ఎక్కించి, కాండం మీద సిలువ గుర్తు గీశాడు. సాతాను దిగలేక కొమ్మ మీదే ఉండిపోయాడు. "నా ఆత్మ జోలికి రానని మాటిస్తే చెరిపేస్తా" అన్నాడు జాక్. సాతాను మాటిచ్చాడు. జాక్ చచ్చిపోయాక పరలోకం వాకిట్లో, "నీ పిసినారితనానికి ఇక్కడ చోటు లేదు" అన్నారు. నరకానికి వెళితే సాతాను, "మాటిచ్చాను కదయ్యా, నిన్ను తీసుకోకూడదు" అని తలుపేశాడు. చీకట్లో దారెలా అని ఏడిస్తే ఒక నిప్పుకణిక విసిరాడు. జాక్ దాన్ని తొలిచిన టర్నిప్ దుంపలో పెట్టుకుని ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడట. అందుకే అక్కడివాళ్ళు టర్నిప్‌లకు ముఖాలు చెక్కేవారు. 1845 తరవాతి బంగాళదుంపల కరువులో లక్షలమంది ఐరిష్‌వాళ్ళు అమెరికాకు వలస వెళ్ళారు. అక్కడ టర్నిప్ కన్నా పెద్దదీ, చెక్కడానికి మెత్తనిదీ గుమ్మడికాయ దొరికింది.

ఈ కథ వింటే మన పెద్దలకు ఏం గుర్తొస్తుంది? కొరివి దెయ్యం! రాత్రిపూట పొలాల్లో, చెరువు గట్టు మీద కదిలే మంట. దాని వెంట వెళితే దారి తప్పుతామని మా చిన్నప్పుడు మాకూ చెప్పారు. చిత్తడి నేలలో కుళ్ళిన ఆకు అలముల నుంచి పుట్టే వాయువులు వెలగడమే అది అని చదువుకున్నవారు చెబుతారు. అయినా ఐర్లండ్ బురదలోనూ మన మాగాణి బురదలోనూ మనుషులు ఒకే వెలుగు చూసి ఒకేలా కథ అల్లుకున్నారు. అక్కడ గుమ్మంలో ముఖమున్న గుమ్మడికాయ పెడితే, ఇక్కడ కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ కడతారు, దిష్టిబొమ్మ వేలాడదీస్తారు. లోపల ఉన్న మాట ఒకటే: "నా పిల్లలకు ఏమీ కాకూడదు." ఆ మాటను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు.

సువార్తలో కూడా దెయ్యం కథ ఉంది, మరచిపోయారా? రాత్రి నాలుగో జామున సముద్రం మీద నడిచి వస్తున్న ప్రభువును చూసి శిష్యులు భూతమని కేకలు వేశారు. పన్నెండుమంది పెద్ద మగవాళ్ళు, అందులో కొందరు ఆ నీళ్ళ మీదే పెరిగిన జాలరులు! ఆయన వాళ్ళ భయాన్ని తిట్టుకుంటూ రాలేదు. నేనే అని ముందు తన గొంతు వినిపించాడు. తిరిగి లేచిన తరవాతా అంతే. శిష్యులు మళ్ళీ భూతమనుకుంటే, తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్క తీసుకుని వాళ్ళ ఎదుటే తిన్నాడు. భయపడిన ఇంట్లో కూర్చుని భోజనం చేశాడు. ఇంతకన్నా చక్కని దెయ్యం కథ మాకు తెలియదు.

నవ్వు ఆపవలసిన చోటు ఇప్పుడు వచ్చింది.

ఆ పిల్లలు వేసుకునే మంత్రగత్తె టోపీ వెనక ఒక ఊరుంది. అమెరికాలో మసాచుసెట్స్‌లోని సేలం. ఇప్పుడు ప్రతి అక్టోబరులో వేషాలు వేసుకున్న జనంతో ఆ ఊరు కిటకిటలాడుతుంది. 1692లో అక్కడ కొందరు ఆడపిల్లలకు మూర్ఛల్లాంటివి వచ్చాయి. ఫలానా ఆమె నీడ వచ్చి మమ్మల్ని గిల్లుతోంది, కొరుకుతోంది అన్నారు. ఎవరికీ కనబడని ఆ నీడను న్యాయస్థానం సాక్ష్యంగా తీసుకుంది. 19 మందిని ఉరితీశారు. ఇంకొకాయనను రాళ్ళ బరువు పెట్టి చంపారు. ఉరితీసినవాళ్ళలో ఒకప్పుడు అదే ఊళ్ళో పాస్టరుగా పనిచేసినాయన కూడా ఉన్నాడు. ఉరితీయించినవాళ్ళు ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్ళేవాళ్ళే. అయిదేళ్ళ తరవాత, 1697 జనవరిలో, ఆ న్యాయమూర్తుల్లో ఒకరైన శామ్యూల్ సీవల్, తన ఒప్పుకోలు చీటీని పాస్టరు చదువుతూ ఉంటే సంఘమంతటి ఎదుట నిలబడ్డాడు.

అది ఎప్పటిదో, ఎక్కడిదో అని తీసెయ్యకండి. బీహారులో 1999లో, జార్ఖండ్‌లో 2001లో, మంత్రగత్తె అని మనిషిని వేధించకూడదని చట్టాలే చేయవలసి వచ్చింది. చేతబడి, బాణామతి అన్న అనుమానంతో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మనుషులను చంపిన వార్తలు మీరూ చదివారు.

మాకు తెలిసిన ఊళ్ళోనే జరిగింది చెబుతాం. ఊరి పేరు వద్దు. ఒక పిల్లవాడికి పది రోజులు జ్వరం తగ్గలేదు. ఆరెంపీ డాక్టరు సూదులు వేశాడు, తగ్గలేదు. అంతలో పంపు దగ్గర ఎవరో అన్నారు: "ఆ ముసలామె వాడు అన్నం తింటుంటే గుమ్మంలో నిలబడి అదేపనిగా చూసిందంట." మర్నాటి సాయంత్రానికి అయిదారుగురు మగవాళ్ళు ఆమె గుడిసె ముందు చేరారు. ఆమె విధవరాలు. కొడుకు పనికోసం వెళ్ళి తిరిగి రాలేదు. ఆదివారం వెనక వరుసలో గోడకానుకుని కూర్చునే మనిషి. కబురందగానే మేమిద్దరం వెళ్ళాం. అమ్మగారు లోపలికి వెళ్ళి నులకమంచం మీద ఆమె పక్కన కూర్చున్నారు. అయ్యగారు బయట ఆ మగవాళ్ళ మధ్యనే అరుగు మీద కూర్చున్నారు. వాదించలేదు. "పిల్లవాణ్ణి ముందు టౌనుకి తీసుకెళ్దాం, ఆటో ఖర్చు మేం పెట్టుకుంటాం" అన్నాం. రక్తపరీక్ష చేయిస్తే టైఫాయిడ్. మందు పడింది, వారం తిరిగేసరికి వాడు లేచి తిరిగాడు.

జ్వరం తగ్గింది కాని అనుమానం తగ్గలేదు. అనుమానం పెనుభూతం అని మన పెద్దలు ఊరికే అనలేదు. పిల్లలు ఆమె వాకిలి రాగానే పరుగెత్తడం మానలేదు.

ఆ ఏడాది నవంబరు 2న సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక, సండేస్కూలు పిల్లలను వెంటబెట్టుకుని, ఒక డబ్బా జంతికలు తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళాం. చేతుల్లో ఇంకా కొవ్వొత్తులున్నాయి. మొదట పిల్లలు గడప దాటలేదు. ఆమే బయటికి వచ్చి చాప పరిచింది. ఏం మాట్లాడాలో ఎవరికీ తోచక, "మీ చిన్నప్పుడు దెయ్యాలుండేవా అవ్వా?" అని ఒక పిల్ల అడిగేసింది. మా గుండె ఆగినంత పనైంది. ఆమె నవ్వింది. తన పెళ్ళయిన కొత్తలో భర్త చేనికి నీళ్ళు కట్టడానికి వెళ్ళి, గట్టు మీద కొరివి దెయ్యం కదులుతోందని పంచె ఊడేలా పరుగెత్తుకొచ్చాడట. తీరా చూస్తే పక్క చేనాయన చుట్ట! ఆయన కూడా వీరి లాంతరు చూసి ఇంకోవైపు పరుగెత్తాడట. పిల్లలు పడీ పడీ నవ్వారు. జంతికల డబ్బా ఆమె ఒడిలోనే ఖాళీ అయింది.

ఆ పిల్లవాడి తల్లి మాత్రం ఆ రోజు రాలేదు. ఇప్పటికీ ఆ వాకిలి ముందు ముఖం తిప్పుకునే నడుస్తుంది. ఆమె కోసమూ ప్రార్థిస్తున్నాం. బిడ్డ కాలిపోతుంటే పది రాత్రులు మేలుకున్న తల్లి భయాన్ని ఒక్క రక్తపరీక్ష కాగితం తీసెయ్యలేదు.

భయం అమ్ముడుపోయే సరుకు కూడా. అదే అక్టోబరు 31న, 1517లో, మార్టిన్ లూథర్ తన 95 అంశాలు ముందుకు తెచ్చాడు. చనిపోయినవారి శిక్ష తగ్గుతుందని చెప్పి బీదవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని పత్రాలు అమ్మడం ఆయనను కలచివేసింది. ఇవాళ తాయెత్తు అమ్మేవాళ్ళను మనం వేలెత్తి చూపిస్తాం. "మీ ఇంటిమీద శాపముంది, ఇంత కానుక వేస్తే విరిచేస్తాం" అనేవాళ్ళు సిలువ గుర్తు పెట్టుకుని వస్తే గుర్తుపట్టాలి కదా! మీకు భయం పుట్టించి చెయ్యి చాచేవాడు ఏ వేషంలో ఉన్నా అతనికి గుమ్మం లైటు ఆర్పెయ్యండి.

కాబట్టి పరదేశంలో ఉన్న మన పిల్లలకు మా మాట ఇది. పంపాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. ఒకరు తింటారు, ఒకరు తినరు, ఒకరినొకరు తీర్పు తీర్చవద్దని పౌలుగారు రోమీయులకు రాసింది ఇలాంటి సంగతుల గురించే. పంపితే, జడుసుకున్న పిల్లను బలవంతం చేయకండి. ఒక మనిషి వైకల్యాన్నో, రంగునో, దుఃఖాన్నో వేషం చేయకండి. పంపకపోతే, పక్కింటి పిల్లలను చెడ్డవాళ్ళని మీ పిల్లలకు చెప్పకండి. ఇక్కడి తాతయ్యలూ అమ్మమ్మలూ, హాలోవీన్ మీద కోపం తెచ్చుకునే ముందు, అన్నం తినకపోతే బూచోడు పట్టుకెళతాడని రోజుకు మూడు పూటలా ఎవరంటున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి!

ఈ నవంబరు 2న మన సమాధుల తోటకు సాయంత్రం నాలుగింటికే రండి. గడ్డి పీకడానికి కొడవళ్ళు తెచ్చుకోండి. మీ తాతగారి సమాధి దగ్గర పిల్లలకు ఆయన పడ్డ కష్టాలతో పాటు ఆయన చేసిన ఒక అల్లరి పని కూడా చెప్పండి. తిరిగి వెళ్ళేటప్పుడు, మీ వీధిలో పిల్లలు పరుగెత్తి దాటే ఇల్లు ఒకటుంటే, అక్కడ ఆగండి. తలుపు తట్టండి. చేతిలో తినేది ఏదైనా ఉంటే మంచిది, కాగితం చుట్టకపోయినా ఫరవాలేదు.

ప్రభువు కృప మీ గడపలకు తోడై ఉండును గాక.

మీ అయ్యగారు, అమ్మగారు